పడటం నేర్చుకుంటుంటే నవ్వుతున్నారు

ఈ ఉత్తరం రాసిన అమ్మాయికి 21 ఏళ్లు. కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో రైట్ వింగ్‌లో, అంటే మైదానం కుడి అంచున ఆడుతుంది. పేరు వేయొద్దంది. ఎనిమిది నెలల క్రితం ఒక మ్యాచ్‌లో బంతితో పరుగెత్తుతుండగా డిఫెండర్ కాలు అడ్డుపడి ముందుకు పడిపోయింది. పడుతూ కుడి అరచేయి నేలకి ఆనించింది. అప్పుడు చూసినవాళ్లు "బెణికింది, ఐస్ పెట్టుకో" అన్నారు. మూడు వారాలైనా నొప్పి తగ్గకపోయేసరికి ఎక్స్‌రే తీయించుకుంటే, మణికట్టులో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగిందని తేలింది. పది వారాలు చేతికి కట్టు.

మళ్లీ ఆడటం మొదలుపెట్టి రెండు నెలలైంది. "బంతి నా కాళ్ల దగ్గరుండి, పక్క నుంచి ఎవరో వస్తున్నారనిపిస్తే చాలు, ఒళ్లంతా బిగుసుకుపోతుంది. కుడి చేయి దానంతటదే పొట్ట దగ్గరికి ముడుచుకుంటుంది. ఎవరు ఖాళీగా ఉన్నారో కూడా చూడకుండా బంతి వదిలేస్తున్నాను" అని రాసింది. దాంతో చాలా మ్యాచ్‌ల్లో బెంచ్ మీదే కూర్చోబెడుతున్నారు.

ఆ టీమ్ గోల్‌కీపర్ ఒకప్పుడు జూడో నేర్చుకుంది. ఈ అమ్మాయి అవస్థ చూసి "రా, నీకు పడటం నేర్పిస్తాను" అని నెల రోజులుగా సాయంత్రాలు మ్యాట్ మీద నేర్పిస్తోంది. వెనక్కి పడటం, పక్కకి పడటం వచ్చేశాయి. ముందుకు దొర్లడం మొదలైంది. మ్యాట్ మీద ధైర్యం వచ్చింది గానీ బంతి ఉన్నప్పుడు పోతోందట. ఒకరోజు ఆ అక్క రాకపోతే ఈమె ఒక్కతే గట్టి నేల మీద దొర్లి చూసింది. అప్పటి నుంచి, అంటే రెండు వారాలుగా, కుడి భుజం పైభాగంలో నొప్పి. ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతోంది. ఈ సంగతి ఇంట్లో గానీ టీమ్‌లో గానీ ఎవరికీ చెప్పలేదు.

ఇక అవమానాలు. ప్రాక్టీస్‌లో ఎవరో గుద్దితే పడి, దొర్లి, వెంటనే లేచింది. అందరూ చప్పట్లు కొట్టి నవ్వారు. కోచ్ "ఇది సర్కస్ కాదమ్మా. పడకుండా ఆడటం నేర్చుకో, పడటం కాదు" అన్నారు. తర్వాతి మ్యాచ్‌లో నిజంగానే ఫౌల్ అయి పడి దొర్లితే, రెఫరీ "నటించకు" అని హెచ్చరించాడు. ఇంట్లో అమ్మ ఆట మానేయమంటోంది. ఇంకోపక్క టీమ్‌లో ఒక స్నేహితురాలు, జూడో నేర్చుకుంటే మోకాలి లిగమెంట్లు (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీలు) కూడా తెగవని చెబుతోందట. "నేను చేస్తున్నది పనికొచ్చే పనేనా? కోచ్‌కి తెలియకుండా కొనసాగించనా? లేక అమ్మ చెప్పినట్టు ఆటే మానేయనా?" అని అడిగింది.

సమాధానం:

మీరడిగినవి మూడు ప్రశ్నలు. కానీ మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముందు కనబడింది మీరు అడగని విషయం. మీ భుజం.

భుజం కొన నేలకి తగిలేలా పడినప్పుడు, కాలర్‌బోన్ భుజం ఎముకతో కలిసే చోట లిగమెంట్లు సాగడం, ఒక్కోసారి తెగడం జరుగుతుంది. భుజం పైభాగంలో నొప్పి, ఆ పక్కకి పడుకోలేకపోవడం దానికి సరిపోయే లక్షణాలే. నేను డాక్టర్ని కాను కాబట్టి అదేనని చెప్పలేను. కానీ రెండు వారాలుగా తగ్గని నొప్పిని "తగ్గిపోతుందిలే" అని వదిలేస్తే ఏమవుతుందో మీకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మణికట్టు విషయంలో మూడు వారాలు పోగొట్టుకున్నారు కదా. అప్పుడు తప్పు మీది కాదు. స్కాఫాయిడ్ విరిగితే మొదటి ఎక్స్‌రేలో కూడా ఒక్కోసారి కనబడదు. అందుకే బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కితే నొప్పి ఉన్నప్పుడు, ఎక్స్‌రే బాగానే ఉన్నా చేతిని కదలకుండా కట్టి, పది పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ చూస్తారు. ఈసారి మాత్రం ఆలస్యం మీ చేతిలో ఉంది.

వెళ్లినప్పుడు మణికట్టు గురించి కూడా అడగండి. ఆ ఎముకకి రక్తం అందే తీరు విచిత్రంగా ఉంటుంది. వేళ్ల వైపు కొన నుంచి లోపలికి, అంటే ముంజేతి వైపుకి, వెనక్కి ప్రవహిస్తుంది. విరిగితే లోపలి ముక్కకి రక్తం సరిగ్గా అందక, అతుక్కోవడం ఆలస్యమవుతుంది. కొందరికి అసలు అతుక్కోదు. కట్టు విప్పారంటే పూర్తిగా అతుక్కుందని కాదు. పూర్తిగా అతికిందని స్కాన్‌లో తేలిందా లేదా అన్నది మీ ఉత్తరంలో లేదు. ఈ రెండిటి సంగతీ తేలేదాకా మ్యాట్ మీద దొర్లడం ఆపేయండి. మ్యాచ్‌లు కూడా. కాళ్లకి సంబంధించిన వ్యాయామం ఎంతైనా చేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పడటం నేర్చుకోవడం పనికొస్తుందా? పనికొస్తుంది. కానీ మీ స్నేహితురాలు చెప్పినంత కాదు, మీ కోచ్ అనుకున్నంత తక్కువా కాదు.

నేను ముప్పై అయిదేళ్ల వయసులో జూడో క్లాసులో చేరాను. ఎవరినైనా ఎత్తి పడేయడం నేర్పుతారనుకుని వెళ్లాను. మొదటి నెలంతా నన్ను నేనే పడేసుకోవడం తప్ప ఏమీ చేయనివ్వలేదు. విసుగొచ్చింది. మన భాషలో నేల విడిచి సాము అనే మాట ఉంది కదా, అక్కడ సాము మొదలయ్యేదే నేలతో. జిగోరో కానో 1882లో టోక్యోలో జూడోకి రూపమిచ్చినప్పటి నుంచీ ఈ పడే విద్య, ఉకెమి, అందులో మొదటి పాఠం. పడటం రానివాణ్ని ఎవరూ పడేయరు, పడేస్తే వాడు మర్నాడు ప్రాక్టీస్‌కి రాడు.

ఇందులో కిటుకు పెద్దగా ఏమీ లేదు. పడుతున్న ఒంటి వేగాన్ని అరచేయి లాంటి చిన్న చోట, ఒక్క క్షణంలో ఆపేస్తే ఆ దెబ్బంతా అక్కడున్న ఎముక మీద పడుతుంది. అదే వేగాన్ని ముంజేయి, భుజం వెనక భాగం, వీపు, తుంటి మీదుగా పరిచి, కాస్త ఎక్కువసేపు ఆపితే ఏ ఒక్క చోటా అంత బలం పడదు. గడ్డాన్ని ఛాతీకి ఆనించి నడుం పట్టీ వైపు చూడమనేది తల వెనక భాగం నేలకి కొట్టుకోకుండా. ఊపిరి వదలమనేది ఒళ్లు బిగుసుకోకుండా. మీ గోల్‌కీపర్ ఇవన్నీ చెప్పే ఉంటుంది.

కష్టమల్లా చేయి చాపకుండా ఉండటం. పడబోతుంటే చేతులు ముందుకు చాపడం మనకి ఏడాది నిండకముందే వచ్చే రిఫ్లెక్స్. ముఖాన్ని కాపాడటానికి శరీరం చేసే ఏర్పాటది. దాన్ని పూర్తిగా చెరిపేయలేం, చెరపకూడదు కూడా. చేయి చాపినా మోచేయి బిగించకుండా, కాస్త వంచి, తగిలీ తగలగానే భుజం వైపుకి దొర్లిపోవడం మాత్రం అలవాటు చేసుకోవచ్చు. దానికి నెల రోజులు చాలవు. కాలు తట్టుకుని నేలని తాకడానికి పట్టేది సెకను కంటే తక్కువే. ఆ వ్యవధిలో ఆలోచించి చేసేది ఏదీ ఉండదు. వందలసార్లు చేసి ఒంటికి పట్టినదే బయటికొస్తుంది.

జూడోలో నేర్చుకున్నది నేర్చుకున్నట్టు గ్రౌండ్‌లోకి తెస్తే కొన్ని ఇబ్బందులున్నాయి. ఇది మీకు ముఖ్యం. జూడోలో పడేసేవాడు చాలాసార్లు మీ చొక్కా చేతిని పట్టుకునే ఉంటాడు, చివర్లో కాస్త పైకి లాగుతాడు కూడా. ఫుట్‌బాల్‌లో మిమ్మల్ని పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. అక్కడ వట్టి పాదాలు, ఇక్కడ స్టడ్స్ ఉన్న బూట్లు. అవి మట్టిలో దిగబడితే ఒళ్లు ఒకవైపు దొర్లుతుంటే కాలు అక్కడే ఉండిపోతుంది. కాబట్టి దొర్లేటప్పుడు కాళ్లు దగ్గరికి ముడుచుకోవడం విడిగా సాధన చేయాలి. మ్యాట్ మీద పడుతూ చేత్తో చరిచే పద్ధతి ఒకటుంది చూడండి, అది మ్యాట్‌కే. గట్టి నేలని చరిస్తే దెబ్బ తగిలేది చేతికి. ఒకసారి విరిగిన మణికట్టుతో ఆ పని అసలే వద్దు. గ్రౌండ్ కోసమైతే చరచడం మానేసి, దొర్లడం మీదే దృష్టి పెట్టండి.

మీ భుజానికి దెబ్బ ఎలా తగిలిందో కూడా నేను ఊహించగలను. చిన్నప్పుడు వేసిన పిల్లిమొగ్గల్లాగా వేసి ఉంటారు. పిల్లిమొగ్గలో తల, మెడ, వెన్ను వరసగా నేలకి తగులుతాయి. దానికి భయపడి తల తప్పించబోతే భుజం కొన ముందు దిగుతుంది. ఇది అలా కాదు. చిటికెన వేలి వైపు నుంచి మొదలై, ముంజేయి, భుజం వెనక భాగం మీదుగా ఎదుటి తుంటికి ఏటవాలుగా ఒక గీత గీసినట్టు పోవాలి. తల నేలని తాకనే కూడదు. పడుకుని మొదలుపెట్టి, తర్వాత గొంతుకూర్చుని, మోకాలి మీద, నిలబడి, నడుస్తూ, నెమ్మదిగా పరుగెత్తుతూ, ఆ వరసలో వెళ్లాలి. ప్రతి మెట్టూ ముందు మ్యాట్ మీద, తర్వాత మెత్తటి గడ్డి మీద. గట్టి నేల మీద, అందులోనూ చూసేవాళ్లు లేకుండా, ఎప్పుడూ వద్దు. జపాన్ బడుల్లో జూడో నేర్చుకుంటున్న కొత్త పిల్లలు వెనక్కి పడి తలకి దెబ్బ తగిలి ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలున్నాయి. నేర్పే పద్ధతి తప్పితే, కాపాడాల్సిన విద్యే గాయం చేస్తుంది.

ఇక మోకాలి సంగతి. మీ స్నేహితురాలి మాట నమ్మకండి. ఫుట్‌బాల్‌లో గాయాల్లో ఎక్కువ భాగం నడుం కింద జరిగేవే. తొడ వెనక కండరం, చీలమండ, మోకాలు, గజ్జలు. మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ చాలాసార్లు ఎవరూ తాకకుండానే తెగుతుంది. పరుగెత్తుతూ దిశ మార్చినప్పుడో, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడో. పడటానికి ముందే తెగిపోయేదాన్ని పడే విద్య ఏం కాపాడుతుంది? పైగా ఆడపిల్లలకి ఆ ముప్పు మగపిల్లల కంటే రెండు మూడింతలు. దీనికి వేరే సాధన ఉంది. ఫిఫా 11+ అనే వార్మప్. 15 వ్యాయామాలు, 20 నిమిషాలు. నార్వేలో 125 క్లబ్బుల్లో 13 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లల మీద దీన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. ఈ విషయంలో "పడకుండా ఆడటం నేర్చుకో" అన్న మీ కోచ్ మాటలో సగం న్యాయముంది. ఆయన ఆ వార్మప్ చేయిస్తున్నారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే ఆ మాట ఉత్త మాటే.

ఇంకో సగం మాత్రం ఆయన తప్పు. ఎంత బ్యాలెన్స్ ఉన్నా, మీరు చూడని వైపు నుంచి వచ్చి గుద్దితే పడతారు. వింగ్‌లో ఆడేవాళ్లు ఇంకా ఎక్కువ పడతారు. ఆయన టీమ్‌లోనే ఒక మనిషి రోజూ పడటం సాధన చేస్తోంది. మీ గోల్‌కీపర్. కూర్చుని పక్కకి పడటం, మోకాళ్ల మీద నుంచి, నిలబడి, ఎగిరి, మోచేయి ముందు తగలకుండా ఒంటి పక్క భాగం మీద దిగడం. దాన్ని డైవింగ్ ప్రాక్టీస్ అంటారు కాబట్టి ఎవరూ నవ్వరు.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు ఇంకో సంగతి తోచింది. మిమ్మల్ని బెంచ్ మీద కూర్చోబెట్టింది మణికట్టు కాదు, భయం. అది పిరికితనం కాదు. పది వారాలు ఒక చేత్తో అన్ని పనులూ చేసుకున్న మనిషికి ఆ చేతిని దాచుకోవాలనిపించడం సహజం. చిక్కెక్కడంటే, బిగుసుకుపోయిన ఒళ్లు తొందరగా బ్యాలెన్స్ కోల్పోతుంది, చేతిని పొట్టకి కరిపించి పరుగెత్తితే ఇంకా తొందరగా. మీ భయమే మిమ్మల్ని పడేసేలా ఉంది. జూడో మొదలుపెట్టాక మ్యాట్ మీద ధైర్యం వచ్చిందన్నారు గానీ బంతి ఉన్నప్పుడు పోయిందన్నారు. ఎందుకంటే మ్యాట్ మీద ఎప్పుడు పడాలో మీరే నిర్ణయించుకుంటున్నారు. ఈ రెండిటి మధ్య మెట్లు కావాలి. డాక్టర్ సరేనన్నాక, ముందు మ్యాట్ మీద కళ్లు మూసుకుని నిలబడితే ఆ అక్క చెప్పకుండా నెట్టాలి. తర్వాత గడ్డి మీద నడుస్తుండగా నెట్టాలి. తర్వాత కాళ్ల దగ్గర బంతి పెట్టుకుని. ఆ తర్వాతే ప్రాక్టీస్ మ్యాచ్. ఏ మెట్టు దగ్గర చేయి ముడుచుకుంటుందో గమనించి, అక్కడ ఇంకో వారం ఆగండి. ఇలా చేసినా కొన్ని నెలల దాకా ఆ బిగుసుకుపోవడం తగ్గకపోతే, ఆటగాళ్లతో పనిచేసే సైకాలజిస్ట్‌ని కలవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కోచ్‌కి తెలియకుండా కొనసాగించనా అని అడిగారు. కొనసాగించవచ్చు, ఎవరూ పట్టుకోరు. కానీ ఇప్పటికే ఒక నొప్పిని దాచిపెట్టారు. రహస్యంగా చేసే సాధనలో ఇంకో దెబ్బ తగిలితే దాన్నీ దాస్తారు. దాచిన గాయంతో ఆడి మ్యాచ్ పాడైతే, ఆయనకి మీ మీద మిగిలిన కాస్త నమ్మకం కూడా పోతుంది. ఇంకో దారి, ఈ సీజన్ అయ్యేదాకా జూడో ఆపేసి తర్వాత తీరిగ్గా నేర్చుకోవడం. టీమ్‌లో నవ్వులు తగ్గుతాయి. భయం మాత్రం అలాగే ఉంటుంది, బెంచ్ కూడా.

మూడోది ఆయనతోనే మాట్లాడటం. "నాకు జూడో నేర్చుకోవాలనుంది" అని మొదలుపెడితే మళ్లీ సర్కస్ అంటారు. "నేను బంతి ఎందుకు తొందరగా వదిలేస్తున్నానో మీకు చెప్పాలి సార్" అని మొదలుపెట్టండి. ఆయనకి ఇప్పటిదాకా కనబడింది సరిగ్గా ఆడని వింగర్ మాత్రమే, భయపడుతున్న మనిషి కనబడి ఉండదు. 11+ వార్మప్‌లో ఇద్దరు ఎదురెదురుగా ఒంటికాలి మీద నిలబడి ఒకరినొకరు నెట్టుకునే వ్యాయామం ఒకటుంది, ఎగిరి భుజంతో భుజం తాకించుకునేది ఇంకొకటి. వాటి తర్వాత అయిదు నిమిషాలు, అందరూ కలిసి, గోల్‌కీపర్ చూపిస్తుండగా తక్కువ ఎత్తు నుంచి పక్కకి పడటం చేద్దామా అని అడగండి. అందరూ చేసే పనికి ఎవరూ నవ్వరు. ఆయన ఒప్పుకోకపోవచ్చు. కాదంటే, ప్రాక్టీస్ అయ్యాక విడిగా చేసుకుంటానని చెప్పి చేసుకోండి. రహస్యం మాత్రం ఉండదు.

రెఫరీ విషయం చిన్నదే. దెబ్బ తగిలినట్టు నటిస్తే ఆట నియమాల్లో పన్నెండోదాని కింద ఎల్లో కార్డ్ ఇవ్వొచ్చు. అందుకే రెఫరీలు దొర్లేవాళ్లని అనుమానంగా చూస్తారు, ఆ అనుమానాన్ని తెచ్చిపెట్టిన మహానుభావులు ఎవరో మీకూ తెలుసు. ఒక్కసారి దొర్లి, ఆ ఊపులోనే కాళ్ల మీదికి లేచి, బంతి వైపు వెళ్లిపోయేవాళ్లని ఎవరూ నటులనరు. అయితే నటన కాదని చూపించుకోవడానికని, తలకి దెబ్బ తగిలినా లేచి పరుగెత్తకండి. తల తిరిగినా, చూపు మసకబారినా, ఏం జరిగిందో ఒక్క క్షణం గుర్తురాకపోయినా ఆరోజుకి ఆట అయిపోయినట్టే. కంకషన్ అయిన, అంటే తల దెబ్బకి మెదడు అదిరిన ఆటగాళ్ల కోసం అదనపు సబ్‌స్టిట్యూట్‌ని అనుమతించే వెసులుబాటు 2024లో ఆట నియమాల్లోకే వచ్చింది.

ఇక అమ్మ. ఆట మానేయడం కూడా ఒక దారే, దాన్ని ఓటమి అనను. మానేస్తే మణికట్టుకి ముప్పు తగ్గుతుంది. కానీ భయంతో మానేసిన ఆట చాలాకాలం మనసులో మెదులుతూ ఉంటుంది, అది కూడా లెక్కలోకి తీసుకోండి. ఇప్పుడే తేల్చుకోవాల్సిన తొందర లేదు. ఎముక, భుజం సంగతి తెలియకుండా మీరు గానీ ఆమె గానీ తీసుకునే నిర్ణయం గుడ్డి నిర్ణయమే అవుతుంది. అందుకని భుజం నొప్పి గురించి ఆమెకి ఈరోజే చెప్పండి. తిడుతుంది. తిట్టనివ్వండి, పది వారాలు మీకు జడ వేసింది ఆమే అయ్యుంటుంది. డాక్టర్ దగ్గరికి ఆమెని వెంట తీసుకెళ్లండి. మణికట్టు పూర్తిగా అతికిందా, భుజంలో ఏమైంది అనే రెండు ప్రశ్నలు మీరు అడగండి. "మళ్లీ పడితే ఏమవుతుంది?" అన్న మూడో ప్రశ్న ఆమెని అడగనివ్వండి.